ఊరు ఒప్పుకుంది, రమణమ్మను ఎవరూ అడగలేదు

యజమానికి ఫోన్ చేసి "చట్టం మారిందండీ" అని చెబితే అవతలి నుంచి వచ్చే మొదటి మాట "మళ్లీనా?" రెండో మాట "అది మనకు వర్తించదు గదా మేడం?" ఈ రెండింటికీ జవాబు చెప్పుకుంటూ నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. ఇప్పుడు ఆఫీసు మూసేసి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లకు నాలుగు మాటలు చెప్పవచ్చు. వినమని బలవంతమేమీ లేదు. వినని వాళ్లతో వేగడం నాకు బాగా అలవాటు.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, ఒక మందుల షాపు మేడ మీద మా ఆఫీసు ఉండేది. పనివాళ్లకు సంబంధించి రాష్ట్ర ప్రభుత్వం ఏ జీవో తెచ్చినా, ఏ చట్టాన్ని సవరించినా దాన్ని చదివి, మా క్లయింట్లకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. క్లయింట్లంటే బుచ్చిరెడ్డిపాలెం రైసుమిల్లుల వాళ్లు, కావలి బట్టల కొట్ల వాళ్లు, నెల్లూరు ఆసుపత్రుల వాళ్లు, సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీల వాళ్లు. పని గంటలు మారాయని, సెలవులు మారాయని, గోడ మీద ఫలానా నోటీసు పెట్టాలని చెప్పాలి. చెప్పేసి ఊరుకుంటే ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి లేదు. వాళ్లు విన్నారా, విన్నది చేశారా, చేసింది సరిగ్గా చేశారా అని చూడటం మొదలుపెడితేనే రక్తపోటు వస్తుంది. నాకు వచ్చింది.

రావుగారి సర్క్యులర్లు

నాకు పని నేర్పినది శేషగిరిరావు గారు. చట్టంలో కామా జరిగినా కనిపెట్టే మనిషి. కొత్త జీవో వచ్చిందంటే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, నాలుగు పేజీల సర్క్యులర్ రాసేవారు. "యాజమాన్యములు విధిగా గమనించి అనుసరించవలసినదిగా" అని మొదలైతే ఆ వాక్యం రెండో పేజీలో గాని ముగిసేది కాదు. దాన్ని నేను టైపు చేసి, కాపీలు తీయించి, క్లయింట్లందరికీ పోస్టు చేసేదాన్ని.

ఒకసారి కావలిలో ఒక బట్టల కొట్టుకు పోతే గల్లా బల్ల కాలి కింద ఏదో కాగితం మడిచి పెట్టి ఉంది. వంగి చూశాను. సెలవుల మీద మా సర్క్యులర్. నెల్లూరుకు తిరిగొచ్చాక రావుగారికి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బల్ల కదులుతోందా?" అని అడిగారు.

"లేదు సార్."

"మరి మన సర్క్యులర్ ఎవరికీ ఉపయోగపడలేదని అనకు" అని మళ్లీ రాసుకోవడంలో పడ్డారు.

అంత పండితుడు చెప్పిన మాటల్లో నాకు జీవితాంతం అక్కరకొచ్చింది మాత్రం ఆయన సర్క్యులర్లో ఎప్పుడూ రాయనిది. "అమ్మాయ్, చట్టం రెండు చేతులతో వస్తుంది. ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో అడుగుతుంది. పేపరు వాళ్లు ఇచ్చే చేతికే ఫొటో తీస్తారు. యజమాని ఆ ఫొటోనే చూస్తాడు. నువ్వు రెండో చెయ్యి చూసి చెప్పు. జీతం నీకు దానికే." ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మీకు మా రావుగారు కూడా గురువైనట్టే.

రావుగారు పోయిన తర్వాత పోస్టు పోయి వాట్సాప్ వచ్చింది. నేను సర్క్యులర్‌ని అరపేజీకి కుదించి అందరికీ పంపేదాన్ని. క్షణంలో జవాబుగా దణ్ణం బొమ్మ వచ్చేది. దణ్ణం బొమ్మ వస్తే చదవలేదని అర్థం. బొటనవేలు బొమ్మ వస్తే తెరవను కూడా తెరవలేదని అర్థం. ఏ బొమ్మా రాకుండా "ఏంది మేడం ఇది, మా కొంప ముంచేదానికా" అని ఫోన్ వస్తే అప్పుడు ఆయన చదివాడని సంతోషించాలి.

చివరికి నాకు తెలిసిందేమిటంటే, మన వైపు యజమాని చట్టానికి భయపడడు, లేబర్ ఆఫీసరుకీ పెద్దగా భయపడడు. పక్కవాడు తనకన్నా ముందు చేసేస్తాడేమోనని మాత్రం నిద్రపోడు. అందుకని రైసుమిల్లు ఆయనకు ఫోన్ చేసి చట్టం సంగతి ఎత్తకుండా, "మీ వియ్యంకుల మిల్లులో ఆడవాళ్లకు వేరే విశ్రాంతి గది కట్టించారంట, చూశారా? అందరూ చెప్పుకుంటున్నారు" అనేదాన్ని. వియ్యంకుడికి ఫోన్ చేసి ఇదే మాట ఈయన మీద చెప్పేదాన్ని. ఇద్దరూ గదులు కట్టేవారు. అది అబద్ధం కాదా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. చెప్పినప్పుడు అబద్ధమే నాయనా, గోడలు లేచాక నిజమైంది.

బొట్టు పెట్టిన చట్టం

బుచ్చిరెడ్డిపాలెంలో కోటారెడ్డి గారని మిల్లు యజమాని ఉండేవారు. దైవభక్తి ఎక్కువ, మనసు వెన్న. చట్టంలోని ముఖ్యాంశాలను తెలుగులో రాసి పనిచేసేచోట పెట్టాలని ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎట్టకేలకు ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, "రాజ్యం మేడం, మీరు చెప్పినట్టే చేసినాను. అట్టా ఇట్టా కాదు, వచ్చి చూడండి" అన్నారు.

నేను వెళ్లేసరికి ఆఫీసరు కూడా తనిఖీకి వచ్చి ఉన్నాడు. కోటారెడ్డి గారు ముఖ్యాంశాలకు అద్దం వేయించి, టేకు ఫ్రేము కట్టించి, తన గదిలో లక్ష్మీదేవి పటం పక్కన తగిలించారు. అంతకుముందే ఆయుధపూజ అయింది. మిషన్లకు, లారీకి, తూకం కాటాకు చేసినట్టే చట్టానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ కింద పని గంటలు పోయాయి. వారానికి ఒకరోజు సెలవు అన్నచోట సరిగ్గా కుంకుమ పడింది.

ఆఫీసరు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఫ్రేము ముందు నిలబడి చదవాలని మెడ అటూ ఇటూ తిప్పాడు. ఆయన దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుని కోటారెడ్డి గారు హారతి పళ్లెం చాచారు. పాపం ఆ ఆఫీసరు హారతి కళ్లకద్దుకుని, "చాలా బాగుంది రెడ్డి గారూ, ఈ దేవుణ్ణి కాస్త గేటు దగ్గరికి దించండి. హమాలీలు గూడా దర్శనం చేసుకుంటారు" అన్నాడు. నేను కిటికీలోంచి వడ్ల బస్తాలను చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

నవ్వులు పక్కన పెట్టి చెబుతున్నాను. "పెట్టండి" అని చెప్పడం సగం పనే. అది ఎవరు చదవడానికో చెప్పకపోతే యజమాని తన కోసమే అనుకుంటాడు. తన కోసం అనుకున్నదాన్ని తన గదిలో పెట్టుకుంటాడు. మన పనిలో జరిగే పొరపాట్లు చాలా వరకు చెడ్డతనం వల్ల జరగవు. మంచివాళ్లు చట్టానికి తమకు తెలిసిన పద్ధతిలో మర్యాద చేయబోయి జరుగుతాయి. నేను చూసిన వాటిలో పెద్దది కూడా అలా జరిగిందే.

ఇచ్చే చెయ్యి, అడిగే చెయ్యి

పెంచలరెడ్డి గారిది సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీ. చెరువుల నుంచి వచ్చిన రొయ్యను తల తీసి, వొలిచి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి ఓడలకెక్కిస్తారు. వొలిచేదీ వేరుచేసేదీ అంతా ఆడవాళ్లే. నేను ఆఫీసు మూయబోయే ముందర, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు రాత్రి షిఫ్టు చేయవచ్చని మన రాష్ట్రంలో నిబంధనలు సడలించినప్పటి మాట ఇది.

పొద్దున్నే ఫోన్. "మేడం, పేపరు చూసినారా? మంచి రోజులొచ్చినాయి మనకు."

"ఇచ్చే చెయ్యి చూశారు. అడిగే చెయ్యి కూడా చూడండి" అని షరతులన్నీ వినిపించాను. దీపాలు, కెమెరాలు, కాపలా ఉండాలి. ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గర దించే బండి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి వచ్చే ప్రతి ఆడమనిషీ తన ఇష్టంతో వస్తున్నానని రాసివ్వాలి. రానన్నామెను పనిలోంచి తీయకూడదు.

"అన్నీ చేసేద్దాం మేడం. నా సంగతి మీకు తెలీదా" అన్నారు ఆయన.

ఆయన సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే కొన్నాళ్లాగి చూడటానికి వెళ్లాను. మెచ్చుకోవాలి, కంపెనీ చుట్టూ పట్టపగలులా దీపాలు పెట్టించారు. కెమెరాలు పెట్టారు. కొత్త బస్సు గేటు దగ్గర నిలబెట్టి నిమ్మకాయలు కట్టారు. "మరి ఒప్పుకోలు కాగితాలు?" అని అడిగాను.

పెంచలరెడ్డి గారు చిరునవ్వుతో సొరుగు లాగి ఒకే ఒక్క కాగితం తీశారు. "ఒక్కొక్కర్ని అడుగుతా కూర్చుంటే నూరు మంది నూరు మాటలు చెప్తారు. నేరుగా పెద్దకాపు దగ్గరికే పోయినా. ఊరంతా ఒప్పుకునింది."

ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ ఆడవాళ్లలో దాదాపు అందరూ దగ్గర్లోని ఒకే పాలెం వాళ్లు. చేపలు పట్టుకునే ఊరు. ఆ పాలేల్లో ఊరి పెద్దల్ని కాపులంటారు, అందరికీ పెద్దవాడు పెద్దకాపు. వేటకు ఏ రోజు పోకూడదో, జాతర ఎప్పుడు చేయాలో, బయటివాళ్లతో బేరమేమిటో వాళ్లు కూర్చుని తేలుస్తారు. వాళ్లు ఒక మాట అంటే ఊరంతా ఆ మాట అన్నట్టే. తరాలుగా అలాగే నడుస్తోంది, సముద్రం మీద బతికేవాళ్లకు ఆ కట్టు లేకపోతే నడవదు కూడా. పెంచలరెడ్డి గారు ఆ పద్ధతి ప్రకారమే పోయి, తాంబూలం పెట్టి, అమ్మవారి గుడి ముందు రేకుల పందిరి వేయించి, "మా ఊరి ఆడవాళ్లను రాత్రి షిఫ్టుకు పంపగలము" అని కాపులందరి చేతా రాయించుకుని వచ్చారు. ఆయన దృష్టిలో ఇంతకన్నా గౌరవంగా అడగడం ఉండదు. అడగవలసిన వాళ్లలో ఒక్కరినీ అడగలేదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

బల్ల దగ్గర

నేను లేచి లోపలికి వెళ్లాను. వొలిచే బల్లల దగ్గర పెత్తనం ఎస్తేరమ్మది. ఆమెది ఆ పాలెం కాదు, రోడ్డు అవతల ఊరు, కాబట్టి ఆమె నోటికి ఏ కాపూ అడ్డం లేడు.

"మా ఊరికీ వచ్చినారు మేడం, మా పాస్టరుగారిని అడిగేదానికి" అంది చేతులు కడుక్కుంటూ. "ఆయన భార్య బయటికొచ్చి, రొయ్యలు వొలిచేది మా ఆయనా, నన్నెందుకు లేపినారు అని తిట్టి పంపించింది. ఈ పాలెం పిల్లల కత అట్ట కాదు. అదో, రమణమ్మని అడగండి."

రమణమ్మ ఇంకా పాతికేళ్లు దాటని పిల్ల. చేతులు రొయ్య మీద ఆడుతూనే ఉన్నాయి, తల మాత్రం ఎత్తింది.

"నేను రాత్రి రాలేను మేడం. మా ఆయన కోడి కూయక ముందే వేటకు పోతాడు. బస్సు మమ్మల్ని దించేది తెల్లారినాక. ఆ నడిమధ్య నా బిడ్డ ఎవురికాడ ఉంటాది? అత్త లేదు. మా అమ్మోళ్లది పులికాటు అవతల."

"ఆ మాట మీ ఊళ్లో చెప్పలేదా?"

"ఎవురడిగినారు చెప్పేదానికి? రాకపోతే కంపెనీ మానుకోమంటాది. మానుకోకుండా రానని మొండికేస్తే ఊరి మాట తీసేసినానని మా ఆయన్ని పంచాయతీలో నిలబెడతారు. దురాయి వేస్తే పడవ ఎక్కనీరు ఆయన్ని." దురాయి అంటే ఊరి ఆంక్ష. "నాకు ఈ పని కావాల మేడం. పగలైతే పక్కింటామె చూసుకుంటాది బిడ్డని. రాత్రి ఎవురు చూస్తారు?"

ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర జవాబు ఉంది, చట్టంలో స్పష్టంగా ఉంది. దాన్ని చెబితే ఆ పిల్లకేం లాభం? నాకు కోపం వచ్చింది, ఎవరి మీద అని చూస్తే అందరూ మంచివాళ్లే కనిపించారు.

పెంచలరెడ్డి గారి గదికి తిరిగి పోయి, ఆ కాగితం చెల్లదని చెప్పాను. చెల్లదంటే ఆయన కంగారుపడ్డారు గాని, పడిన కంగారు వేరు. "మేడం, దీన్ని తీసుకుపోయి మీ మాట చెల్లదు అని పెద్దకాపు మొహాన కొట్టమంటారా? ఊరికి అవమానం చేసినానంటారు. పగలు షిఫ్టుకు గూడా ఒక్కరినీ పంపరు. నా కంపెనీ మూతేసుకోవాల."

అదీ నిజమే. ఆయన కాగితం వెనక్కివ్వలేరు. కాపులు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేరు. ఈ ఇద్దరి పరువు మధ్యా నలిగేది రమణమ్మ. కొత్తగా వచ్చేవాళ్లు ఇలాంటప్పుడు ఆఫీసరుకు ఫిర్యాదు రాస్తారు. రాస్తే తప్పేం లేదు, కాకపోతే ఎవరి పేరు బయటికి వస్తుందో ముందు ఆలోచించండి. నేను ఆలోచించాను. కాపులు వాళ్లంతట వాళ్లే ఆ మాట వదిలేసుకునేలా చేయాలి. కారెక్కి పాలెం వైపు పోనిమ్మన్నాను.

కొత్త కాంట్రాక్టర్లు

కొత్త రేకుల పందిరి కింద పెద్దకాపు పోలయ్య, మిగతా కాపులు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మధ్యాహ్నం ఎండ, సముద్రం మీద నుంచి గాలి. నన్ను కంపెనీ మేడంగా ఎరుగుదురు. కుర్చీ వేశారు.

"అభినందనలు చెప్పి పోదామని వచ్చాను పెద్దాయనా" అన్నాను.

"దేనికమ్మా?"

"మీరు కాంట్రాక్టర్లు అయినారు గదా."

పోలయ్య వల వదల్లేదు. "మేము కాంట్రాక్టర్లు అయ్యేది ఏంది?"

"మనుషుల్ని పోగుచేసి కంపెనీకి పంపేవాణ్ణి చట్టం కాంట్రాక్టరు అంటుంది. మా ఊరి ఆడవాళ్లను పంపగలము అని రాసిచ్చినారు గదా మీరు. ఇంక లైసెన్సు తెచ్చుకోవాల. ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు అని రోజూ రిజిస్టరు రాయాల. కంపెనీలో ఎవరికన్నా చెయ్యి తెగితే మిమ్మల్ని కూడా పిలుస్తారు. ఆఫీసరు నెల్లూరుకు రమ్మంటే పోవాల, ఇయ్యాల వేట ఉంది సార్ అంటే ఒప్పుకోడు."

ఇప్పుడు వల ఒళ్లో పడింది. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. మనుషుల్ని సరఫరా చేసేవాడి మీద చట్టం ఇవన్నీ పెడుతుంది. ఊరి పెద్దలు ఇచ్చిన మాట సరఫరా కిందికి వస్తుందా రాదా అని కోర్టులో పదేళ్లు వాదించుకోవచ్చన్న సంగతి మాత్రం వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

"నేను ఆ దినం కళ్లజోడు తేలేదు" అన్నాడొక కాపు. "ఏం రాసినారో చూడకుండానే పెట్టేసినా."

"నేను ఏసింది వేలిముద్రే గదా" అన్నాడు ఇంకొకాయన ఆశగా.

"వేలిముద్ర ఇంకా గట్టిదన్నా. సంతకమన్నా మార్చుకోవచ్చు" అన్నాను.

తర్వాత పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయినా అమ్మా, మా ఆడోళ్లు మా మాట యాడ వింటారు? ఇంట్లో కూర ఏం చేయాల్నో గూడా మమ్మల్ని అడగరు. వాళ్లని మేము పంపేది ఏంది, నువ్వే చెప్పు."

"ఆ ముక్కే పెంచలరెడ్డి గారికి చెప్పండి."

"ఊరు మాట తప్పిందని అంటారే."

"ఎట్ట అంటారు? మా ఆడోళ్లు సొంత బుద్ధి ఉండేవాళ్లు, వాళ్లనే అడుక్కోండి అని ఊరు గొప్పగా చెప్పినట్టు గదా. వాళ్లు ఏం చెప్పినా ఊరు అడ్డం రాదు అని కూడా చెప్పండి, ఇంకా గొప్పగా ఉంటుంది."

గొప్పగా ఉంటుందన్న మాట వాళ్లకు నచ్చింది. పోలయ్య తల పైకెత్తి పందిరి వైపు చూశాడు. "మరి ఈ రేకులు? ఎత్తుకుపోతాడా ఆయన?"

"రేకులు అమ్మవారికి ఇచ్చినారు. ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు గదా పెద్దాయనా."

పోలయ్య మొదటిసారి నవ్వాడు. నేను కారెక్కేదాకా వచ్చి, తలుపు పట్టుకుని, గొంతు తగ్గించి, "ఆ పిల్ల రమణమ్మ ఏమన్నా అనిందా నీతో?" అని అడిగాడు. లేదన్నాను. ఇది మాత్రం నికార్సైన అబద్ధం. ఇంకోసారి అడిగినా అదే చెబుతాను.

యజమాని టోపీ

మర్నాడు పొద్దున కాపులు కంపెనీకి వెళ్లి ఆ మాటే చెప్పి కాగితం వెనక్కి తెచ్చుకున్నారు. పెంచలరెడ్డి గారు నన్ను పిలిపించారు. "సరే, మేనేజరు చేత ఒక్కొక్కర్ని అడిగిస్తా" అన్నారు.

"మేనేజరు అడిగితే బెదిరించి రాయించుకున్నారని రేపు ఎవరైనా అనొచ్చు. మీరే అడిగితే ఎవరూ అనలేరు" అన్నాను. యజమానే అడగాలని చట్టంలో ఎక్కడా లేదు. ఉండవలసింది గాని రాసేవాళ్లకు తట్టలేదు.

వొలిచే హాలులోకి ఎవరు పోయినా బూట్లు వేసుకుని జుట్టుకు టోపీ పెట్టుకోవాలి. తన కంపెనీలో ఆ టోపీ పెట్టుకుని పెంచలరెడ్డి గారు నిలబడటం ఎస్తేరమ్మ ఎప్పుడూ చూడలేదట. ఆడవాళ్లు మాస్కుల వెనక నవ్వుకున్నారు. ఆయన చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు, పక్కన నేను. ఒక్కొక్కరే రావడం, ఆయన అడగడం. చాలామంది వస్తామన్నారు, రాత్రికి ఎక్కువ ఇస్తారు గదా అని బాహాటంగానే అన్నారు. ఒకామె మా వీధి చివర కాదు, వాకిట్లో దించాలంది. ఇంకొకామె మొగుడు తాగొచ్చే రాత్రులు కంపెనీలో ఉంటేనే నాకు హాయి అంది. ఆ జవాబుకు పెంచలరెడ్డి గారు నా వైపు చూశారు, రాసుకోవాలా వద్దా అన్నట్టు.

తర్వాత రమణమ్మ వచ్చింది. గ్లవుజులు తీసి చేతిలో పట్టుకుంది.

"ఏమ్మా, రాత్రి షిఫ్టుకు వస్తావా?"

"రానంటే పగలు పని ఉంటాదా సార్?"

ఆయన నా వైపు చూశారు. నేను రొయ్యల వైపు చూశాను.

"ఉంటుందమ్మా."

"ఆ మాట అందరికీ వినపడేటట్టు ఇంకోసారి చెప్పండి సార్."

హాలంతా చేతులు ఆగిపోయాయి. పెంచలరెడ్డి గారు మంచివారే గాని ఎదురు మాటకు అలవాటు పడిన మనిషి కాదు. టోపీ సర్దుకున్నారు. లేచి నిలబడి, "రాత్రి రాకపోయినా ఎవరి పని వాళ్లకు ఉంటుంది" అన్నారు. గొంతు కొంచెం చిన్నగానే వచ్చింది, అయినా వెనక బల్ల దాకా వినపడింది.

"అయితే ఆలోచించుకొని చెప్తా సార్" అని రమణమ్మ గ్లవుజులు తొడుక్కుని వెళ్లిపోయింది.

నేను నెల్లూరు వచ్చేశాను. రోజులు గడిచాయి. పెంచలరెడ్డి గారి దగ్గర్నుంచి రెండు మూడు ఫోన్లు. "మేడం, అందరూ చెప్పేసినారు. ఆ పిల్ల ఒక్కతే ఇంకా చెప్పలా. నేను అట్ట ఆమె ముందరే పోతుండా, వస్తుండా, తల ఎత్తదు. పోయి అడగమంటారా?"

"వద్దండీ. ఆగండి."

"నేను ఆగేది ఏంది మేడం, కంపెనీ నాది" అన్నారు. అన్నారు గాని ఆగారు.

ఒక ఉదయం నేను ఇడ్లీలు పెట్టుకుంటుంటే మళ్లీ ఫోన్ మోగింది. వెనక మిషన్ల చప్పుడు.

"చెప్పింది మేడం. రాత్రికి రాదంట. బిడ్డ ఉండాడంట. బిడ్డ ఉండాడని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలా."

"మీరేమన్నారు?"

ఆయన మిషన్ల చప్పుడుకు కొంచెం దూరంగా నడిచినట్టున్నారు.

"సరేమ్మా, పోయి పని చూసుకో అన్నా" అన్నారు పెంచలరెడ్డి గారు. "ఇంకేమంటా, అడిగింది నేనే గదా."